ముప్కాల్ బాలింత చెప్పిన కీబోర్డు

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు తవ్వకాలు మొదలయ్యాయంటే మా ప్రెస్సులో పెళ్లి కార్డుల పని మొదలైనట్టే. పంట చేతికొస్తోందన్న ధైర్యంతో జనం ముహూర్తాలు పెట్టుకుంటారు. ఆ ముహూర్తాలన్నీ కట్టగట్టుకుని వచ్చి నా టేబుల్ మీద పడతాయి. ఆ రోజుల్లో నాకు టైపింగు కుర్చీ దిగే తీరిక ఉండదు, దిగాలని కూడా ఉండదు.

ఆ కుర్చీ గురించి ముందే చెప్పాలి, లేకపోతే నేను పడ్డ అవస్థ అర్థం కాదు. చిన్నప్పుడు ఇనిస్టిట్యూట్‌లో తెలుగు టైపు నేర్చుకుని ప్రెస్సులో చేరాను. తర్వాత కంప్యూటరు వచ్చింది. అందులో వేసిన తెలుగు సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల అమరిక పాత టైపు మిషన్‌కు దగ్గరగానే ఉండటంతో నా వేళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. వచ్చినవాళ్ల ముఖం చూస్తూ, వాళ్లతో మాట్లాడుతూ, కీబోర్డు వైపు కన్నెత్తకుండా కొట్టేస్తాను. బాల్కొండ నుంచి, వేల్పూరు నుంచి వచ్చిన వాళ్లు కూడా కాసేపు నిలబడి చూసేవాళ్లు. వాళ్లు చూస్తున్నారని తెలిసి ఇంకొంచెం వేగంగా కొట్టేదాన్ని. పొగరే, దాచను.

మా యజమానిని ఊరంతా సేటు అంటుంది, మేమూ అంతే. కిందటి చలికాలంలో ఆయనకు బయటి నుంచి పెద్ద అచ్చు పని ఒకటి దొరికేలా కనిపించింది. ఆ పని ఇచ్చేవాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, మిషన్లలో దొంగ కాపీలేవీ ఉండకూడదు. మా దగ్గర ఉన్నవన్నీ ఎవరో కాపీ చేసినదాన్ని ఇంకెవరో కాపీ చేస్తే వచ్చినవి. సేటు నిజామాబాద్ నుంచి ఒకాయన్ని పిలిపించి అన్నింటినీ తుడిచేయించి ఉచితంగా దొరికే లినక్స్ వేయించాడు. ఆ వచ్చినాయన ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో, ఎక్కడ నొక్కితే ఆగిపోతుందో చూపించి, చాయ్ తాగి బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున కూర్చుని క కొట్టాను. ఇంకేదో పడింది. తెలుగు ఉంది, కానీ అక్షరాలన్నీ వేరే కీల కిందికి వెళ్లిపోయాయి. ‘శుభలేఖ’ కొడితే ఏ భాషలోనూ లేని మాట వచ్చింది. ఎదురుగా పెళ్లికొడుకు మేనమామ కూర్చుని ఉన్నాడు. ఆయన మర్యాదగా బయటికి చూశాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది.

నాలుగు రోజులు చూసి సేటు నన్ను పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, గొంతు పెంచే మనిషి కూడా కాదు. ఉగాది దాకా ఆగుతానన్నాడు. అప్పటికీ చేయి కుదరకపోతే కొత్త అమరిక వచ్చిన టైపిస్టును పెట్టుకుంటానని, నాకు పని మాత్రం పోదని, బైండింగ్ దగ్గర కూర్చోవచ్చని చెప్పాడు. బైండింగ్ పని తక్కువదేమీ కాదు. కానీ నేను టైపిస్టును. నా ఎదురుగా, నా కుర్చీలో ఇంకొకరు కొడుతుంటే చూస్తూ కాగితాలు మడవడం నా వల్ల కాదని నాకు తెలుసు.

అప్పటి నుంచి లినక్స్ తెలిసినవాళ్ల కోసం వేట మొదలైంది. ఆర్మూరులో కంప్యూటరు నేర్పే ఆయన దగ్గరికి వెళితే నా చేతుల కిందినుంచి కీబోర్డు లాక్కుని, టకటకా ఏవో కొట్టి, ‘అయిపోయింది, పో’ అన్నాడు. ప్రెస్సుకు వచ్చి చూస్తే ఏమీ అవలేదు. ఇంకొకాయన లినక్స్ అన్న మాట వినగానే అది మనలాంటి వాళ్లకు కాదని తేల్చేశాడు. మనలాంటి వాళ్లంటే ఎవరని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. వీడియోలు చూశాను. అందులో మాట్లాడేవాళ్లు నేను మొదటి ముక్క అర్థం చేసుకునేలోపు చివరి ముక్కలో ఉండేవాళ్లు.

ఫోన్‌లో తెలుగు లినక్స్ వాడేవాళ్ల గ్రూపు ఒకటి దొరికింది. అక్కడ ప్రశ్న వేస్తే ముందు వెతుక్కుని తర్వాత అడగమని మంచి ఇంగ్లీషులో చురక వేశారు. నాకు కోపమొస్తే వేళ్లు ఆగవు. నేనేం పని చేస్తానో, ఏ ఊళ్లో చేస్తానో, ఏ కీ నొక్కితే ఇదివరకు ఏమొచ్చేదో ఇప్పుడేమొస్తోందో వరసపెట్టి రాసి, చివర్న మీ తెలివి మీ దగ్గరే పెట్టుకోండని కూడా రాసి వదిలాను. కాసేపటికి ఒక జవాబు వచ్చింది. ప్రశ్న అంటే ఇట్లుండాలె, ఏం నొక్కితే ఏం వచ్చిందో చెప్పిన మనిషి ఇవాళ మీరొక్కరే అని. దాని కిందే ఇంకో వాక్యం: ‘ఆర్మూరా అక్కా? నేను ముప్కాల్‌ల ఉన్న, తల్లిగారింట్ల. కాన్పుకచ్చిన. ఐతారం రా.’

హైదరాబాదులో ఏదో కంపెనీలో ఆ అమ్మాయి పని లినక్స్ మిషన్లను చూసుకోవడమేనట. ప్రపంచమంతా వెతుక్కుంటూ పోతే మనిషి మా హైవే మీదే దొరికింది.

ఆదివారం సేటును అడిగి ప్రెస్సు ల్యాప్‌టాప్ తీసుకుని, బాలింత ఇంటికి ఉత్త చేతులతో పోకూడదని బిడ్డకు ఒక మెత్తటి తువ్వాలు కొని, ఆర్మూరు పక్కనే హైవే మీదున్న పెర్కిట్‌లో నిర్మల్ బస్సెక్కాను. ముప్కాల్‌లో వాళ్ల వాకిలి నిండా ఉడికించిన పసుపు ఆరబోసి ఉంది. కాలు పెట్టే చోటు లేదు. తండ్రి చేను దగ్గర ఉన్నాడు. తల్లి గడపలోనే నన్ను ఆపింది. బిడ్డకు పాలిస్తూ ఫోన్‌లో ఎవరికో రాస్తుంటే చూసిందట, ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసిందట. ఆ ఎవరో నేనేనని ఆవిడకు వెంటనే తెలిసిపోయింది. నా చంకలో ల్యాప్‌టాప్ చూసి ముఖం ఇంకా బిగించింది.

“చూసుడు లేదు చెల్లె. పచ్చి బాలింత, కండ్లు గుంజుతయి. నోటితోని ఏమన్న చెప్పుకుంటే చెప్పుకోని.”

లోపల మంచం మీద ఆ అమ్మాయి తలకు గుడ్డ చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. కంప్యూటరు చూడకూడదు, సరిగ్గా వినపడదు. పెర్కిట్ నుంచి ఇంత దూరం ఇందుకేనా వచ్చింది అనుకున్నాను. ఆమె మాత్రం ఇదేమీ వింత కానట్టు, వెనక్కి తిరక్కుండానే నన్ను కూర్చోమని, మిషన్ తెరవమని, జర గట్టిగా మాట్లాడమని చెప్పింది.

మొదటి గంటలోనే నా మీద కోప్పడింది. ఏదో నొక్కాను, తెర మీద ఏదో మాటల డబ్బా వచ్చింది, నేను సరే అని నొక్కి దాన్ని మూసేశాను. ఏం వచ్చింది అని అడిగింది. ఏదో వచ్చిందన్నాను.

“ఏదో అంటే? అది నీతోని మాట్లాడుతున్నది అక్కా. నువ్వేమో మొఖం మీద తలుపేస్తున్నవ్.”

మా ప్రెస్సులో అంతే. డబ్బా వస్తే మూసేయడమే మాకు తెలిసిన పద్ధతి, అందులో ఏం రాసి ఉందో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చదవలేదు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం చదివించింది. తెలియని ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరం విడదీసి అరిచి చెప్పేదాన్ని. వాకిట్లో పసుపు తిరగేస్తున్న కూలి ఆడవాళ్లు పని ఆపి నా వైపు చూసేవాళ్లు. ఆజ్ఞలు టైపు చేసే నల్ల తెర మీద పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క చుక్క కూడా పడలేదు, కీబోర్డు చచ్చిపోయిందని గాభరా పడ్డాను. కొట్టమంది, అది చూస్తోంది గానీ చూపించదు అంది. నిజంగానే తీసుకుంది. ఆమె కళ్లు మూసుకుని, పాపను భుజం మీద తట్టుకుంటూ, నా తెర మొత్తాన్ని తన తలలో చూసేది. మంచం మీద పెట్టిన మిషన్‌పై ఎంటర్ కొట్టిన అదురును బట్టి నేను తొందరపడ్డానని పట్టేసేది. ఇంతమంది మధ్య తిరిగాను, పనిని ఇలా ఒంట్లో పెట్టుకున్న మనిషిని నేను చూడలేదు.

కొత్త అమరిక నేర్పమని అడగడానికే నేను వెళ్లాను. ఆమె నేర్పలేదు. ల్యాప్‌టాప్ మూయమని, ఉత్త మంచం పట్టె మీద నా పద్ధతిలో ఒక పెళ్లి కార్డు కొట్టమని, నోటితో చదువుతూ కొట్టమని అంది. నేను కొడుతుంటే పట్టెకు చెయ్యి ఆనించి ఆ చప్పుడు వింటూ కూర్చుంది. అయ్యాక గోడ వైపు ముఖంతోనే అంది.

“గీ చేతులను మార్చుడెందుకక్కా? మిషిన్‌నే నీ చేతులకు మలుపుదాం.”

అప్పటిదాకా అందరూ మారాల్సింది నేనేనన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆ మాట విని నీళ్లు కావాలని అడిగాను.

లినక్స్‌లో కీబోర్డు అమరికను ఒక మామూలు ఫైలుగా మనమే రాసుకోవచ్చట. ఏ కీ నొక్కితే ఏ అక్షరం రావాలో ఒక్కో వరుసలో బ్రాకెట్లలో రాయాలి. ఆమె గోడ వైపు చూస్తూ బ్రాకెట్లు చెప్పేది, నేను నా వేళ్లను అడిగి అక్షరాలు చెప్పేదాన్ని. ఒత్తుల దగ్గర ఆగిపోయాం. టైపు మిషన్‌లో ఒత్తుకు వేరే కీ ఉంటుంది, కొడితే అది అక్షరం కింద కూర్చుంటుంది. కంప్యూటరులో అలా కాదు, ముందు పొల్లు, తర్వాత అక్షరం పడితేనే ఒత్తు అవుతుంది. ఆమె ఎప్పుడూ టైపు మిషన్ ముట్టుకోలేదు. ఆ సంగతి తనకు తెలియదని, తనకే జర సమజ్ చేయమని నన్ను అడిగింది. ఇదివరకు నేను కలిసిన ఏ నిపుణుడూ నాకు తెలియదు అనలేదు. ఈమె ఆ మాటను మంచినీళ్లు అడిగినంత మామూలుగా అంది. నేను చెప్పాను, ఆమె అడ్డడ్డ ప్రశ్నలు వేసింది, నేను ఇంకొంచెం గొప్పగా చెప్పాను. మరుసటి ఆదివారానికి జవాబు సిద్ధంగా ఉంది. ఒకే కీకి పొల్లునూ అక్షరాన్నీ జతచేసి పెడితే సరిపోతుందట. ఫోన్ లేదు, కాగితం లేదు, వారమంతా పాపకు పాలిస్తూ తలలోనే అల్లుకుంది.

ఫైలు పూర్తయింది. ఆమె చెప్పిన చోట పెట్టాను. మిషన్ ఆపి మళ్లీ వేశాను. కీబోర్డుల వరుసలో మాది లేదు.

తప్పుంటే మిషన్ చెబుతుందని కదా ఇన్నాళ్లూ నేర్పింది. ఇది ఏమీ చెప్పలేదు. డబ్బా రాలేదు, ఇంగ్లీషు రాలేదు. ఆమె ఫైలు మొత్తం చదవమంది. బ్రాకెట్లతో సహా గట్టిగా చదివాను. ఎక్కడా తేడా లేదు. ఆ ఆదివారం అలాగే పోయింది, తర్వాతి ఆదివారం కూడా అలాగే పోయేలా ఉంది. ఉగాది దగ్గర పడుతోంది. సేటు అప్పటికే ఎవరితోనో మాట్లాడుతున్నాడని నాకు తెలిసింది. మూడోసారి చదవమంటే నాకు తిక్క రేగింది. ల్యాప్‌టాప్ మూసేసి, ఇక చాలు, పోయి బైండింగ్‌లో కూర్చుంటానని అన్నాను. పచ్చి బాలింత ముందు అనకూడని గొంతుతో అన్నాను.

ఆమె ఏమీ అనుకోలేదు. కోపం వస్తే రానీ, గానీ కూసో అంది. పాపను తల్లికి అందించి, గోడ మీద చెయ్యి ఆనించి ఆలోచించింది. తర్వాత మిషన్ గురించి కాకుండా నా గురించి అడిగింది. ప్రెస్సులో పొద్దున ఎలా మొదలుపెడతాను, కార్డు ఎవరు చదువుతారు, ఎవరు దిద్దుతారు. ఇదంతా ఎందుకని విసుక్కుంటూనే చెప్పాను.

“కొత్త ఫైలు తెరవంగనే, ఏం ఆలోచించకముందే, నీ చెయ్యి ఏం కొడ్తది అక్కా?”

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. శ్రీ కొడుతుంది. మా ప్రెస్సులో ఏ కాగితమైనా, పెళ్లి కార్డయినా, పసుపు సంచి మీది లేబులయినా, కరపత్రమయినా, పైన నడిమధ్యలో శ్రీ పడ్డాకే మిగతాది. ఈ ఫైలుకూ పెట్టాను. కొత్త అమరికలో తడుముకోకుండా కొట్టడం నేను నేర్చుకున్న ఒకే ఒక్క మాట అది. పెట్టినట్టు కూడా నాకు గుర్తు లేదు. ఇక చదవడం అంటారా, ప్రూఫు చదివేటప్పుడు శ్రీని ఎవరూ పైకి చదవరు, దాని కింది వరుస నుంచే మొదలుపెడతారు. నేను చదివిన రెండుసార్లూ అక్కడి నుంచే చదివాను. మొదటి వరుసలో తనకు అర్థంకాని మాట కనబడగానే మిషన్ ఆ ఫైలును కీబోర్డుగా లెక్కపెట్టడం మానేసి ఊరుకుంది.

చెప్పాను. వినగానే ఆమె నవ్వింది. కుట్లు గుంజుతున్నాయని కడుపు పట్టుకుని మరీ నవ్వింది. తల్లి పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ కలిపి తిట్టింది. నాకు మొదట సిగ్గేసింది, తర్వాత నేనూ ఆగలేకపోయాను. తుడిచేస్తానని ల్యాప్‌టాప్ తెరిచాను.

“తీసెయ్యకు. దాని ముందట ఒక సెమీకోలన్ పెట్టు. గప్పుడు మిషిన్ దాన్ని ఇడిసిపెట్టి కిందికెళ్లి చదువుకుంటది. నీ శ్రీ నీకుంటది.”

ఆమెను నేను అన్నింటికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది ఆ ఒక్క మాటకే. తప్పు దొరకగానే దాన్ని పీకి పారేసేవాళ్లను చూశాను, ఆ పీకడంలోనే మన విలువ ఎంతో మనకు చెప్పేసేవాళ్లనూ చూశాను. ఈమె మిషన్‌కు అడ్డం కాకుండా, నాకు లోటు రాకుండా, నా అలవాటుకు ఫైలులో ఒక చోటు చూపించింది. చదువు చాలామందికి ఉంటుంది. ఇది వేరే.

మిషన్ మళ్లీ వేశాను. వరుసలో మా కీబోర్డు కనిపించింది. ఒత్తు ఉన్న మాట ఏదైనా కొట్టమంది. చేతికొచ్చిన మాట కొట్టాను, ముప్కాల్ అని. నా వేళ్లు వాటి పాత తోవలో అవి వెళ్లాయి, కీల వైపు చూడలేదు. ఆమె వెనక్కి తిరగబోయి తల్లిని చూసి ఆగింది. గోడ వైపే ముఖం పెట్టి, ఒత్తు కింద కూర్చుందా అని అడిగింది, నన్ను కాదు, తల్లిని. తల్లి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, తెర మీదికి వంగి, తీరిగ్గా చూసింది.

“కూసున్నది బిడ్డా. మంచిగ కూసున్నది.”

ఆ ఫైలును ప్రెస్సులో నా మిషన్‌లోనూ వేసుకున్నాను. ఉగాదికి ముందు వారం సేటు నా టేబుల్ దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పక్కన కొత్తగా వచ్చిన టైపిస్టు నిలబడి ఉంది, ఆమె తప్పేమీ లేదు, పిలిస్తే వచ్చింది. సేటు ఒక సన్మాన పత్రం తీసి చదవడం మొదలుపెట్టాడు. సన్మాన పత్రాల్లో ఒత్తులకు కొదవ ఉండదు. మొదట మెల్లగా చదివాడు, నేను ఆగడం లేదని చూసి వేగం పెంచాడు. మధ్యలో కావాలనే ఎవరితోనో మాట్లాడాడు, మళ్లీ అందుకున్నాడు. బైండింగ్ దగ్గరివాళ్లు లేచి వచ్చారు. నేను ఎవరినీ చూడలేదు, కీబోర్డును కూడా చూడలేదు. అయ్యాక ఆయన తెర మీద మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాడు. శెభాష్ అనడం ఆయనకు రాదు. జేబులోంచి ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టి, ఇది సాయంత్రానికి కావాలన్నాడు. కొత్తామెకు డిజైను టేబుల్ చూపించాడు.

కాగితం కొట్టడం అయ్యాక బయటికి వచ్చి ముప్కాల్‌కు ఫోన్ చేశాను. బీరువాలో ఉన్న ఫోను మోగుతుందో లేదో అనుకున్నాను. తల్లే ఎత్తింది. బాలింత ఇప్పుడే కన్నంటుకుందని, రాత్రంతా పాప నిద్ర పోనివ్వలేదని, మాట్లాడే ముచ్చటే లేదని చెప్పింది. లేపొద్దన్నాను. లేచాక ఒక్క మాట చెప్పమన్నాను, కుర్చీ నాకే ఉన్నదని.

అవతల చెప్పుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినిపించాయి, ఆ తర్వాత ఆవిడ గొంతు.

“లే బిడ్డా, లే. ఫోన్ పట్టుకో. మన అక్క కుర్చీ పోలేదట.”

ప్రెస్సులో అంతమంది ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది. పసుపు సంచుల లారీలు పోతున్న రోడ్డు మీద నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని, ఏడ్చాను.